వేడికి, సల్లకు నడుమ

దేవరకొండల సాగర్ రోడ్డు మీద
ముప్పై ఒక్క ఏండ్ల సంది బ్యాటరీలకు నీళ్లు పోస్తున్న.
నా అంగీలన్ని యాసిడ్ తిన్నయే.
ఎలుగుకు అడ్డం పట్టుకుంటె సుక్కలు పొడుస్తయి.

నేనావత్ హారిక, తొమ్మిదో తరగతి,
ఒక ఎండపూట వచ్చి
"మామా, నీ మీటరు జెర ఇస్తవా?" అన్నది.
సైన్సు ఎగ్జిబిషన్‌కు అణుబ్యాటరీ చేస్తదట.
థర్మకోల్ డబ్బా, వెండిరంగు, చుట్టూర రెక్కలు.
లోపల ఏం లేదు.

"ఎన్నొద్దులకోసారి చార్జింగు?"
"పెట్టేదే లేదు మామా."
"నీళ్లు?"
"పొయ్యొద్దు."
"మరి మా అసొంటోళ్లం ఏం తినాలె?"
నవ్వింది గని జవాబు చెప్పలే.

ఇనుప తీగ రెండు కొసలకు
రెండు రాగి తీగలు మెలేసింది.
ఒక ముడి నా సోల్డరింగు కడ్డీకి ఆనిచ్చింది,
ఇంకో ముడి సోడాల ఖాజా భాయ్ ఇచ్చిన మంచుగడ్డల కుచ్చింది.
మీటరు ముల్లు
వెంట్రుకవాసి లేసింది.

యాసిడ్ లేదు, సీసం లేదు,
తిరిగే చక్రం లేదు.
ఒక దిక్కు కాలుడు, ఒక దిక్కు సల్లబడుడు,
నడుమ తేడా.
ఆ తేడానే కరెంటు.

"డబ్బాల ఈ కడ్డీ బదులు ప్లుటోనియం ఉంటది మామా.
పొయ్యి లేకున్న ఎర్రబారుతది.
దాని అణువులు ఒకదానెంక ఒకటి విరుగుతనే ఉంటయి,
ఆపుదామన్న ఆగవు, తొందరపెట్టినా వినవు.
రెక్కలేమో బయటి సల్లను పట్టుకునేటందుకు.
ఎనభై ఎనిమిదేండ్లకు సగమయితది,
ఇంకో ఎనభై ఎనిమిదికి ఆ సగంల సగం."

ఎవలు కొంటరు గిసొంటిది?
నా బుద్ధి బేరం కాడికే పోయింది.
సూర్యుడు గూడ సుక్కంత అయ్యే దూరం పోయే నౌకలట,
అంగారకుడి దుమ్ముల దొర్లే బండట,
మంచు సముద్రాల ఒడ్డున
మనిషి కాపలా లేని దీపస్తంభాలట, ఎనకట.
పాత ఇనుము ఏరేటోళ్లు కొన్నిటిని పలగ్గొట్టి
పానం మీదికి తెచ్చుకున్నరట.
పాత బ్యాటరీలు కిలోల లెక్కన నేనూ కొంట.
ఊరికెనే చేతులు తుడుసుకున్న.

"గుండెల గూడ పెట్టిండ్రు మామా, యాభై ఏండ్ల కింద, కొందరికి.
మనిషి పోయినంక, కాలవెట్టకముందే
తీసి వాపస్ పంపాలె."

నా ఉస్తాద్ యాదికొచ్చిండు,
కల్వకుర్తి జబ్బార్ సాబ్.
ఆయన గుండెకు హైద్రాబాదుల మిషన్ పెట్టిండ్రు,
మామూలు బ్యాటరీదే.
ఎనిమిదేండ్లు వస్తదన్నరు, ఆరో ఏట పోయిండు.
పని నేర్పినోని ఛాతిల
ఇంకా రెండేండ్ల చార్జింగు ఉండంగనే
మట్టి పోసి వచ్చిన.
ఎవలి కోసం కొట్టుకున్నదో అది, లోపల.

హారిక తండా కృష్ణ ఒడ్డు గట్టు మీద.
నల్లగొండల బోరుబండి కనవడితె
నీళ్లకే అనుకుంటం ఎవలమైనా.
వాళ్ల తాత చేన్ల వేసిన బోరుల నీళ్లు సూడనే లేదు.
రాయి తీసిండ్రు, పెట్టెల సదిరి, నంబర్లేసి కొంటవోయిండ్రు.
మూత బిగిచ్చిన పైపు ఇంకా ఉన్నదట,
దానికి మేకను కట్టేస్తరు.

"ఆ రాయేనా గిట్లయ్యేది?"
"ఆ రాయి కాదు మామా,
దాని మనవని మనవడు అనుకో."

జెరసేపు ఇద్దరం మీటరు దిక్కే సూసినం.
మంచు కరిగి బల్ల మీద పారింది.
ముల్లు దిగింది.

బ్యాటరీ అమ్మితే సీసం మొల మీద
తారీకు పంచ్ కొడత, అది నా అలవాటు.
థర్మకోల్ సుత్తె దెబ్బకు ఆగదు గద,
పెన్నుతోటి రాసిన:
దుకాణం పేరు. ఇయ్యాల్టి తారీకు.
గ్యారంటీ కాడ చెయ్యి ఆగింది.
నాకు యాభై ఏడు.

"రాయి మామా, ఎనభై ఎనిమిది."
రాసిన.
దాని కింద, చెయ్యికి అలవాటైన మాట
అదే పడ్డది:
పాతది వాపస్ ఇయ్యాలె.